హోసూరు, కృష్ణగిరి సీమలలో సూతికా పరిచర్య

దక్షిణ పినాకిని మైసూరు పీఠభూమిని విడిచి తమిళ మైదానమునకు దిగు దారిలో హోసూరు, కృష్ణగిరి సీమలు రెండు మెట్లవలె అమరియున్నవి. పై మెట్టు హోసూరు. అది సముద్రమట్టమునకు సుమారు 3 వేల అడుగుల ఎత్తున నున్నది. పాత కాగితములలో దానికి బాలాఘాటు అని పేరు. క్రింది మెట్టు కృష్ణగిరి, అది బారామహలులోనిది. బారామహలు 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలనను, హోసూరు 1799లో టిప్పు సుల్తాను పతనానంతరమును కుంఫిణీ ప్రభుత్వమునకు వశమైనవి. పిమ్మట ఈ రెండు సీమలును చిరకాలము సేలము జిల్లాలో నుండి, 1965లో ధర్మపురి జిల్లాలో చేరి, 2004లో కృష్ణగిరి జిల్లాగా ఏర్పడినవి. 1956లో భాషారాష్ట్రములు ఏర్పడినపుడు ఈ భాగము మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. విజయనగర ప్రభువుల కాలమునుండియు ఇచ్చట పాతుకొనిన తెలుగు కుటుంబములు తమిళులతోను, కన్నడిగులతోను కలిసి మెలిసి జీవించుచున్నవి.

ఇట్లు రాజ్యములు మారినవి, జిల్లాల పేర్లు మారినవి. కాని ఈ సీమలో ఏ భాష మాటలాడు ఇంటనైనను మారని ఆచార మొకటి కలదు. కూతురు తొలి కాన్పునకు పుట్టింటికి వచ్చును. కాన్పైన పిదప కొన్ని వారములు తల్లి చేతి అన్నము తిని, తల్లి పోసిన నీళ్ళాడి, బిడ్డ నెత్తుకొని అత్తవారింటికి మరలును. ఆమెను తెలుగువారు బాలింత యందురు. కన్నడిగులు బాణంతి యందురు. దండయాత్రలకును దానశాసనములకును చరిత్ర వ్రాసినవారు పెక్కుమంది కలరు. పురిటిగదికి చరిత్ర వ్రాసినవారు అరుదు. అయినను ఆ గదిలో జరిగిన దానిని బట్టియే తరతరముల స్త్రీల ఆరోగ్యము నిర్ణయమైనది. ప్రసవమున మిక్కిలి శ్రమకు లోనగు కటితలము, అనగా తల్లి దేహమున గర్భాశయాదులను క్రిందినుండి మోయు భాగము, ఎట్లు కోలుకొనును, దానికై పూర్వులు చేసిన దేమి, చేయక విడిచిన దేమి, నేడు చేయవలసిన దేమి అను విషయములను విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

కటితల స్వరూపము

నడుమునకు దిగువ ఎముకలు గిన్నెవలె కూడియున్న భాగమునకు కటి యని పేరు. ఆ గిన్నెకు ఎముకతో చేసిన అడుగు లేదు. ముందువైపు పొత్తికడుపు క్రింది ఎముక మొదలు వెనుకవైపు తోకయెముక వరకు, నులకమంచపు అల్లికవలె పరచుకొనిన కండరముల పొరయే దానికి అడుగు. అదియే కటితలము. మూత్రాశయము, గర్భాశయము, మలాశయము అను మూడును దానిపై ఆనియున్నవి. మూత్రమును, మలమును, అపానవాయువును కోరినపుడు ఆపుటకును, కోరినపుడు విడుచుటకును ఈ కండరములే ఆధారము. గర్భాశయమును ప్రక్కలనుండి, వెనుకనుండి ఉట్టి త్రాళ్ళవలె పట్టియుంచు బంధనములు వేరుగ కలవు. క్రింది మంచము బిగువుగా నున్నంతకాలము ఉట్టి త్రాళ్ళకు శ్రమ తక్కువ. మంచము సడలినచో బరువంతయు త్రాళ్ళపై బడును; అవియు ఏండ్లు గడచిన కొలది సాగిపోవును. అప్పుడు గర్భసంచి క్రిందికి జారును.

గర్భము మోయు తొమ్మిది నెలలును ఈ పొర బరువును భరించును. ప్రసవ సమయమున బిడ్డ తల వెలువడుటకై దాని లోపలి అంచు తన నిడివికి మూడింతలకు పైగా సాగవలసి వచ్చునని కంప్యూటరు నమూనాలతో చేసిన పరిశోధనలవలన తేలినది. దేహములో మరి యే కండరమును ఒక్క దినమున ఇంత సాగి మరల తన పనికి పూనుకొనవలసిన అవసరము లేదు. కొందరిలో ఆ కండరము ఎముకనుండి కొంత విడివడును. కొందరిలో దానికి పోవు నరము నలుగును. శస్త్రచికిత్సతో బిడ్డను తీసినను తల్లికి పూర్తి రక్షణ లేదు. తొమ్మిది నెలల బరువు ఆమెయు మోసినదే గదా.

ప్రసవమైన వెంటనే గర్భాశయము సుమారు 1 కిలో తూగును. ఆరు వారములు గడచునప్పటికి అది 100 గ్రాములకు లోబడును. గర్భాశయము తనంత తాను ముడుచుకొనును గాని కటితలమునకు అంత సులభముగా పూర్వస్థితి రాదు. దానికి మొదట విశ్రాంతి కావలెను. పిమ్మట క్రమమైన పని కావలెను. ఈ రెంటిలో మొదటిదానిని పూర్వులు బాగుగ నెరిగిరి. రెండవదానిని ప్రపంచము 20వ శతాబ్దిలో గాని గట్టిగ గ్రహింపలేదు.

శాస్త్రములలో సూతిక

ప్రసవించిన స్త్రీకి ఆయుర్వేదమున సూతిక యని పేరు. గర్భము పెరుగుటవలనను, నొప్పులవలనను, రక్తస్రావమువలనను ధాతువులు క్షీణించి ఆమె శరీరము శూన్యప్రాయమై యుండును గాన, ఆ దినములలో వచ్చిన వ్యాధి కుదురుట కష్టమని చరకసంహిత హెచ్చరించినది. శారీరస్థానమున ఆమెకు విధించిన పరిచర్య స్పష్టమైనది. పిప్పళ్ళు, పిప్పలిమూలము, శొంఠి మున్నగు వానితో కూడిన నేయి వంటి స్నిగ్ధద్రవ్యము త్రాగింపవలెను. కడుపునకు నేయి, నూనె మర్దించి పెద్ద వస్త్రముతో చుట్టవలెను. అట్లు చుట్టుటవలన లోపల వాయువునకు చోటు చిక్కక వికారము కలుగదు. సుశ్రుతుడు ఈ నియమములకు గడువు పెట్టెను. నెలన్నర గడచిన పిదప ఆమెకు సూతిక యను పేరు తొలగునని అతని మతము. నెలన్నర యనగా 45 దినములు. నేటి వైద్యులు చెప్పు ఆరు వారములు 42 దినములు. ఇంటి ఆచారము చెప్పునది 40 దినములు. వేరువేరు కాలములవారు, వేరువేరు దారుల వచ్చి ఒక్క చోటనే చేరినారు.

గర్భసంచి జారుటయు ప్రాచీనులకు తెలియనిది కాదు. స్త్రీరోగములను 20గా లెక్కించిన గ్రంథములలో, స్థానము తప్పి క్రిందికి జారు రోగమునకు సుశ్రుతుడు ప్రస్రంసిని యను పేరు పెట్టెను. స్థానభ్రష్టమైన ఆ భాగము స్త్రీ దేహమున ములుకువలె బాధించునని చరకసంహిత చెప్పినది. నూనె పూసి, ఆవిరి పట్టి, చేతితో మెల్లగ స్వస్థానమున నిలిపి, కట్టు కట్టుట ఆనాటి చికిత్స. రోగముయొక్క గుర్తింపు, దాని పేరు, దానిని లోనికి నిలుపు నేర్పు, అన్నియు కలవు.

అయితే ఇక్కడ చరిత్రలో ఒక విచిత్రము కనబడును. కటితలమును ముడిచి పైకి లాగు అభ్యాసము కూడ ఈ దేశమున క్రొత్తది కాదు. సుమారు 15వ శతాబ్దివాడైన స్వాత్మారాముని హఠయోగప్రదీపికలో మూలబంధమను పేర దాని వివరణ యున్నది. మడమతో ఒత్తి, మూలస్థానమును ముడిచి, అపానమును పైకి లాగుమని అందు చెప్పబడినది. కాని ఆ గ్రంథము దానిని ముక్తి కోరు సాధకునికి చెప్పినదే గాని బాలింతకు చెప్పలేదు. మఠములో నొక విద్య, పురిటిగదిలో నొక అవసరము, ఒకే దేశమున శతాబ్దముల తరబడి ఎడముగ నుండిపోయినవి. వాని నడుమ గోడ జ్ఞానముయొక్క కొరత కాదు. ఎవరి దేహము విచారణకు యోగ్యమను భావన.

పురిటింటి ఆచారము

తెలుగు ఇండ్లలో బాలింతకు చేయు ఉపచారము శాస్త్రమునకు దూరము కాదు. శొంఠి, పిప్పళ్ళు, మోడి దంచి, బెల్లము, నేయి చేర్చి చేయు కాయము నేటికిని పెక్కిండ్ల నున్నది. ఈ మోడియే చరకుడు చెప్పిన పిప్పలిమూలము. సంస్కృతము రాని అవ్వ సంస్కృత గ్రంథములోని మందును తప్పక నూరినది. ఒడలంతయు నూనె పట్టించి వేడినీళ్ళు పోయుట, సాంబ్రాణి ధూపము వేయుట, మెత్తని పాతచీరతో పొట్టకు కట్టు కట్టుట, బాలింతను చలిగాలి సోకనీయకుండుట, ఇవి అందరును ఎరిగినవే.

ఈ ఆచారములను మొత్తముగ మూఢమని త్రోసివేయుటయు తగదు. మొత్తముగ శాస్త్రీయమని మెచ్చుటయు తగదు. ఒక్కొక్కటిగా పరిశీలింపవలెను. పొట్టకు కట్టిన కట్టు సడలిన కడుపునకు, నడుమునకు ఆసరా యిచ్చును. శస్త్రచికిత్సతో కాన్పైనవారికి నొప్పి కొంత తగ్గును. కాని అది కటితలమునకు బలము చేకూర్పదు. మిక్కిలి బిగించి కట్టినచో లోపలి ఒత్తిడి పెరిగి క్రిందనున్న పొరపైననే పడును. కాబట్టి కట్టు వదులుగ, ఊపిరి ఆడునట్లుగ నుండవలెను. కొన్ని యిండ్లలో బాలింతకు నీరు తగ్గించి యిత్తురు. ఆకుకూరలు, పండ్లు మాన్పింతురు. దానివలన మలబద్ధకము కలుగును. ముక్కుచు చేయు మలవిసర్జనము అలసియున్న కటితలమునకు పరమశత్రువు. పైగా పాలిచ్చు తల్లికి నీరు ఎక్కువ కావలెను. ఈ ఒక్క నిషేధము మానవలసినది. ఈ సీమకు ప్రాణాధారమైన రాగి సంకటి, రాగి అంబలి ఈ విషయమున మేలుచేయు ఆహారములే.

ఆచారములన్నిటిలోను ఉత్తమమైనది మందు కాదు, కట్టు కాదు. అది విశ్రాంతి. పుట్టింట నున్నన్ని దినములు ఆమె బావినుండి నీళ్ళు తోడదు, బిందె చంక నెత్తదు, వేకువను లేచి తిరగలిలో రాగులు విసరదు, రోకలి పట్టదు, కట్టెలమోపు ఎత్తదు. అంటు, మైల యను పేర ఆమెను వంటయింటికి దూరముగ నుంచిరి. ఆ పేరులో అవమానము కలదు. ఆ దూరములో మాత్రము దేహమునకు మేలు కలిగినది. ప్రసవము స్త్రీకి పునర్జన్మ యను నానుడి ఊరక పుట్టలేదు; పుట్టిన బిడ్డకు ఎంత కాపుదల కావలెనో మరల పుట్టిన తల్లికిని అంతే కావలెను.

కాని ఈ విశ్రాంతి అందరికిని దక్కినది కాదు. నలుబది దినములు కూర్చుండి తినుటకు గాదెలో ధాన్య ముండవలెను. కూలికి పోయిననే పొయ్యి రాజు ఇంట బాలింత కొలది దినములకే కొడవలి పట్టినది. బిడ్డను చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి గంప నెత్తినది. గర్భసంచి జారుట బీదయిండ్లలో ఎక్కువగ కనబడుటకు కాన్పుల సంఖ్య యొక కారణము. కాన్పైన వెంటనే బరువులు మోయుట మరియొక కారణము. ఆచారమును పొగడువారు ఆ ఆచారము ఎవరి యింటి గడప దాటలేదో కూడ చెప్పవలసియున్నది.

మంత్రసానినుండి ఆసుపత్రికి

బిడ్డను పట్టినది నిన్నమొన్నటివరకు మంత్రసాని. ఆమె నేర్పు అనుభవమువలన వచ్చినది. కాన్పునాడు వచ్చి, తరువాత దినములలో కూడ వచ్చి, తల్లికి నూనె రాచి, నీళ్ళు పోసి, బిడ్డను కాళ్ళపై పరుండబెట్టి స్నానము చేయించునది. ఈ ఎడతెగని పరిచర్య ఆమె గొప్పతనము. శుభ్రత తెలియకపోవుట, నొప్పులు ముదరకమునుపే ముక్కుమని తొందరపెట్టుట, కడుపును పైనుండి ఒత్తుట, అడ్డము తిరిగిన బిడ్డకు ఉపాయము లేకపోవుట ఆమె లోపములు. అకాలమున ముక్కించుట, ఒత్తుట అనునవి కటితలమునకు నేరుగా హాని చేయునవి.

చెన్నపట్టణమున 1844లో ప్రసూతి ఆసుపత్రి స్థాపితమైనది. అదియే పిదప ఎగ్మూరు ఆసుపత్రిగా ప్రసిద్ధి కెక్కినది. 1854లో అచ్చట మంత్రసానులకు శిక్షణ ప్రారంభమైనది. 1875లో మద్రాసు వైద్య కళాశాల స్త్రీలకు తలుపు తెరచినది. పురుష వైద్యుని ఎదుట నోరు విప్పలేని స్త్రీల కష్టమును గుర్తించి 1885లో డఫరిన్ ప్రభుపత్ని పేర దేశవ్యాప్తమైన నిధి ఏర్పడినది. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల శాసనము వచ్చినది. కర్నూలులో జన్మించిన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు ఎగ్మూరులో పనిచేసి వ్రాసిన ప్రసూతి వైద్య గ్రంథము 1938 నుండి తరతరముల విద్యార్థులకు పాఠ్యమైనది. 1946లో ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి మద్రాసు రాష్ట్రమున ఆరోగ్యశాఖా మంత్రిణియై ఆ రాష్ట్రపు తొలి మహిళామంత్రిగా పేరొందెను. ఆమె భర్త డాక్టరు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద పునరుద్ధరణకు పాటుపడినవాడు. క్రొత్త వైద్యమును, పాత వైద్యమును ఒక్క తెలుగు ఇంటనే కాపురముండిన కాలమది.

ఇట్టి ప్రయత్నముల ఫలముగ కాన్పు ఇంటినుండి ఆసుపత్రికి తరలినది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తమిళనాడున నూటికి 99.6 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. తల్లుల ప్రాణము నిలుపుటలో ఇది మహత్తర విజయము. దానిని తక్కువ చేసి మాటలాడుట పాపము. అయితే ఈ మార్పులో చేజారినది యొకటి కలదు. మంత్రసాని కాన్పు తరువాత వచ్చుచుండెడిది. ఆసుపత్రి కాన్పైన కొలది దినములకే ఇంటికి పంపును. తరువాత సూదిమందు బిడ్డకే, తూకము బిడ్డకే, ప్రశ్నలన్నియు బిడ్డను గురించియే. తల్లి తుమ్మినపుడు చీర తడియుచున్నదా యని అడుగువారు తక్కువ.

వ్యాయామముయొక్క జననము

జారిన గర్భసంచికి పాశ్చాత్య వైద్యులు మొదట కత్తినే నమ్మిరి. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున ఆర్చిబాల్డు డొనాల్డు 1888లో ఒక శస్త్రచికిత్సను ఆరంభించెను. ఆ నగరము పేరే దానికి నిలిచినది. చిన్నవయసున గర్భసంచి జారిన స్త్రీలు ఈ దేశమున ఎక్కువగుటచే, వారికి సంతానయోగ్యత చెడకుండ గర్భాశయమును పైకి కట్టు పద్ధతిని బొంబాయి వైద్యుడు విఠల్ నాగేశ్ శిరోద్కర్ రూపొందించెను. శస్త్రచికిత్సకు తగనివారికి, దానిని కోరనివారికి లోపల నిలుపు వలయము కూడ ఉపయోగములో నున్నది.

కత్తి లేని మార్గము వేరు దిక్కునుండి వచ్చినది. నాట్యశిక్షకురాలైన మార్గరెట్ మారిస్ 1936లో ఇంగ్లండున ప్రసూతి వ్యాయామములను గురించి పుస్తకము ప్రకటించి కటితల కండరములను ముడుచు అభ్యాసమును వర్ణించెను. 1948లో లాస్ ఏంజలిసు నగరపు వైద్యుడు ఆర్నాల్డు కెగెల్ తన ప్రసిద్ధ వ్యాసమును వెలువరించెను. లోపలి కండరముయొక్క బలమును కొలుచుటకు అతడు ఒక పరికరమును నిర్మించి, స్త్రీ తన ప్రయత్నఫలమును తానే కన్నులార చూచుకొనునట్లు చేసెను. కనబడని కండరమునకు కొలత దొరకుట ఆ శాస్త్రమునకు మలుపు. నేడు ఆ వ్యాయామము అతని పేరుననే చెలామణి యగుచున్నది.

దాని విధానము సులభము. మూత్రమును, అపానవాయువును ఒకేసారి ఆపుకొనునట్లు కండరమును ముడిచి పైకి లాగవలెను. ఊపిరి బిగింపరాదు, పిరుదులు, తొడలు, కడుపు బిగింపరాదు. మొదట మూడు, నాలుగు లెక్కించువరకు, పిమ్మట క్రమముగ పది లెక్కించువరకు నిలుపవలెను. నిలిపినంతసేపు వదలి విశ్రమింపవలెను. ఇట్లు పది పర్యాయములు, దినమునకు మూడు వేళలు చేయుదురు. పరుండియైనను, కూర్చుండియైనను చేయవచ్చును. మూత్రము పోయుచుండగా ఆపి అభ్యసింపరాదు. సాధారణ ప్రసవమైనవారు నొప్పి లేనిచో కొలది దినములకే మెల్లగ ఆరంభింపవచ్చును. లోతైన చీలిక కుట్టినవారు, మూత్రనాళిక పెట్టినవారు వైద్యుని అడిగి చేయవలెను. ఫలితము కనబడుటకు ఇంచుమించు మూడు నెలలు పట్టును. నులక ఒక్క పూటలో బిగియదు.

ఈ వ్యాయామమును సర్వరోగ నివారిణియని చాటుట కూడ సరి కాదు. ప్రసవమైన ప్రతి స్త్రీకిని నివారణకై దీనిని నియమముగ విధింపనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన సూచనలలో పేర్కొన్నది. కాని మూత్రము ఆగక బాధపడువారికి ఇది మేలుచేయునని వైద్యలోకము అంగీకరించినది. ఫ్రాన్సు దేశమున ప్రసవానంతరము ఈ శిక్షణకగు ఖర్చును ఆరోగ్య బీమాయే భరించును. కావున అడుగవలసిన మొదటి ప్రశ్న ఎవరు వ్యాయామము చేయవలెననునది కాదు. ఎవరు బాధపడుచున్నారో తెలిసికొనుట యెట్లు అనునది.

మాట లేని బాధ

ఆ ప్రశ్నకు సమాధానము భాషలో నున్నది. ఈ రోగమును తెలుగువారు గర్భసంచి జారుట యందురు. కన్నడిగులును జారుట యనియే చెప్పుదురు. తమిళులు గర్భప్పై ఇఱక్కం, అనగా దిగుట, అందురు. మూడు భాషలలోను రోగము ముదిరినపుడు చెప్పుటకు మాట కలదు. అది ఆరంభమున నున్నపుడు, అనగా దగ్గినపుడు నాలుగు బొట్లు జారుచున్నవని చెప్పుటకు, క్రింద బరువుగ నున్నదని చెప్పుటకు, ఇంటిలో అందరి ఎదుట పలుకదగిన మాట లేదు. ఆ కండరమునకే వాడుకలో పేరు లేదు. పేరు లేనిదానిని గురించి ప్రశ్న పుట్టదు. ప్రశ్న లేనిచోట చికిత్స చేరదు. కాన్పైన స్త్రీకి ఇది సహజమే, అందరమును పడినదే యని పెద్దవారు ఓదార్చుటతో మాట ముగియును. బాధ సాధారణమైనంత మాత్రమున సహజము కాదు.

హోసూరు, కృష్ణగిరి తెలుగు స్త్రీకి దీనిపై మరియొక తెర కలదు. ఇంట ఆమె పలుకు తెలుగు. ఆసుపత్రి చీటీ తమిళము. ధర అడుగుటకును, బస్సు ఎక్కుటకును ఆమెకు తమిళము చాలును. సిగ్గుతో కూడిన దానిని చెప్పుటకు మాత్రము తల్లిభాష కావలెను. ఎంత బహుభాషా ప్రావీణ్య మున్నను, దేహములోని గుట్టు మొదట పుట్టుభాషలోనే నోటికి వచ్చును. కటితలము, కటి కండరములు అను మాటలు తెలుగున వైద్యులకే తెలిసియున్నవి. వానిని బాలింతల నోటికి అందించుట భాషాసేవయే గాక ప్రాణసేవ కూడ నగును.

బరువు తగ్గించిన పనులు

ఈ సీమలో స్త్రీ మోయు బరువు కొంత తగ్గిన మాట నిజము. బిందెతో నీరు మోయు దూరము తగ్గుటకు 2013లో ఆరంభమైన హొగేనకల్ త్రాగునీటి పథకము తోడ్పడినది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో ఫ్లోరైడు నీటి బాధ తొలగించుటకై అది ఏర్పడినది. పిండిమర వచ్చి తిరగలి మూలబడినది. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి పేర తమిళనాడు ప్రభుత్వము 1987లో ఆరంభించిన ప్రసూతి సహాయము 2006లో 6 వేలు, 2011లో 12 వేలు, 2018 నుండి 18 వేల రూపాయలుగ పెరిగినది. కూలి పోయిన దినములకు బదులుగా ఆ ధనము ఇచ్చుట దాని ఉద్దేశములలో నొకటి. ఒకప్పుడు గాదె నిండినవారికే దక్కిన నలుబది దినముల విశ్రాంతిని బీదతల్లికిని దక్కించు ప్రయత్నముగ దీనిని చూడవలెను.

కాన్పైన ఆరు వారములవరకు తల్లిచే పని చేయింపరాదని 1919 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చెప్పినది. 1961 నాటి భారత ప్రసూతి శాసనము 12 వారముల సెలవు విధించెను. 2017లో తొలి రెండు కాన్పులకు అది 26 వారములకు పెరిగినది. హోసూరు పారిశ్రామిక వాడలో జీతము చీటీ అందుకొను స్త్రీకి ఈ హక్కు కలదు. పొలమునను, రాతిగనిలోను, పూలతోటలోను దినకూలి చేయు స్త్రీకి అట్టి సెలవు నిచ్చు యజమాని యెవరు?

2021 ఆగస్టు 5వ తేదీన, ఈ కృష్ణగిరి జిల్లాలోనే, సామనపల్లి గ్రామమున తమిళనాడు ప్రభుత్వము మక్కళై తేడి మరుత్తువం అను పథకమును ప్రారంభించినది. ప్రజలను వెదకుకొనుచు వచ్చు వైద్యము అని ఆ పేరున కర్థము. రక్తపోటు, మధుమేహము కలవారికి మందులు ఇంటికే చేర్చుటతో పాటు, మంచాన పడినవారికి వ్యాయామ చికిత్స చేయువారును గడప కడకే వత్తురు. 2022 జనవరిలో కృష్ణగిరికి ప్రభుత్వ వైద్య కళాశాల కూడ వచ్చినది. వ్యాయామ చికిత్సకుడు ఊరిలోనికి వచ్చు దారి ఏర్పడినది. ఆ దారి బాలింత గదివరకు పొడిగించుట అసాధ్యము కాదు.

ఉపసంహారము

ఈ చరిత్రవలన తేలు సారాంశము స్వల్పము. పూర్వులు బాలింతకు విశ్రాంతి నిచ్చిరి గాని అందరికిని ఇయ్యలేదు. కండరమునకు పని చెప్పలేదు. ఆధునికులు తల్లి ప్రాణమును కాపాడిరి గాని ఆరు వారముల పరిచర్యను సన్నగిల్లనిచ్చిరి. వ్యాయామమును కనుగొనిరి గాని దానిని పల్లె బాలింత చెంతకు చేర్పలేదు. ఒకరి సగము మరియొకరి సగముతో కూడినగాని పూర్ణము కాదు.

దీనికై ఇంటివారు చేయదగినవి కొన్ని కలవు. నలుబది దినములు బాలింతచే బరువు లెత్తింపక, ఆ పనిని ఇంటి పురుషులు పంచుకొనవలెను. నీరు, కాయగూరలు ఆమెకు నిషేధింపరాదు. ఆరవ వారమున బిడ్డను చూపుటకు పోయినపుడు తల్లిని కూడ పరీక్షింపుమని వైద్యుని అడుగవలెను. మూత్రము ఆగకుండుట, మలము ఆగకుండుట, క్రింద గడ్డవలె ఏదో తగులుట అను లక్షణములను దాచక చెప్పవలెను. జ్వరముగాని, దుర్గంధస్రావముగాని, అధిక రక్తస్రావముగాని కలిగినచో ఆరు వారములు ఆగరాదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

అన్నిటికంటె ముందుగ ఒక ప్రశ్న అలవాటు కావలెను. బాలింతను చూడవచ్చిన ప్రతివారును బిడ్డ యెట్లున్నాడని అడుగుదురు. పుట్టింట తల్లియో, అక్కయో, పిన్నియో ఆమె ప్రక్కన కూర్చుండి, నీ వొళ్ళు ఎట్లున్నదమ్మా, దగ్గినపుడు ఏమైన ఇబ్బందిగ నున్నదా అని తెలుగున అడిగిన చాలును. ఎన్నో ఏండ్లు మౌనముగ మోయబోవు బరువు ఆ ఒక్క మాటతో దిగుట కారంభించును.